నాయనమ్మ వేలిముద్ర వేసిన కాగితం

మా నాయనమ్మ రేకుపెట్టెను ఇన్నేళ్లూ ఎవరూ తెరవలేదంటే అది భక్తీ కాదు, భయమూ కాదు. తాళంచెవి పోయింది, అంతే. ఆమె పోయాక మేం ఇల్లు మారినప్పుడల్లా ఆ పెట్టె ఒక సజ్జ దిగి ఇంకో సజ్జ ఎక్కింది. మొన్న మిర్యాలగూడలో కిరాయి ఇల్లు ఖాళీ చేస్తుంటే మా తమ్ముడికి విసుగొచ్చింది. "ఇగ దీన్ని ఎన్ని ఇండ్లు మోస్తమే అక్కా" అని స్క్రూడ్రైవర్ పెట్టి కొండీ ఊడబీకాడు. మూత లేవగానే ముందు వాసన వచ్చింది. తడిసి ఆరిన గొర్రెబొచ్చు, తంబాకు, అడుగున ఎక్కడో కర్పూరం. నాయనమ్మ పక్కన పడుకున్న రోజుల వాసన. నేను అట్టపెట్టెలకు తాడు కడుతున్నదాన్ని కట్టడం ఆపేశాను.

లోపల పెద్దగా ఏమీ లేదు. రెండు నేత చీరలు, మూత వదులైన తంబాకు డబ్బీ, చెయ్యంత గొంగడి ముక్క, పింఛను కాగితాలున్న పాలిథీన్ కవరు. ఆ కవరులో అన్నిటికన్నా అడుగున నాలుగు మడతలు పెట్టిన తెల్ల కాగితం. మడతల దగ్గర చిరగబోతోంది. ఇంగ్లీషులో అచ్చయిన ఫారం, గళ్లు గళ్లుగా. కింద ఊదారంగు వేలిముద్ర. తమ్ముడు అటూ ఇటూ తిప్పి చూసి, "ఏం కాయిదమే ఇది? భూమిదా?" అన్నాడు. నాకు చదవకుండానే తెలుసు. ఆ గళ్లల్లో ఉన్న ప్రతి అక్షరమూ నేను టైపు చేసిందే. లేని అక్షరాలు కూడా నేను ఎగ్గొట్టినవే.

అప్పుడు మేం సూర్యాపేటలో ఉండేవాళ్లం. నాన్న కరెంటాఫీసులో లైన్‌మన్. తుంగతుర్తి అవతలి మా ఊళ్లో గొర్లు అమ్మేసి, ఒక్కతే ఉండలేక నాయనమ్మ మా దగ్గరికి వచ్చింది. వచ్చింది గానీ పల్లెను మూటగట్టుకునే వచ్చింది. కోడి కూయకముందే లేచి, ఆ సిమెంటు వాకిట్లో కూడా సాన్పి చల్లేది. పక్కపోర్షను వాళ్లు ముక్కు మూసుకుంటే, "పేడ వాసన పడనోళ్లు పాలెట్ల తాగుతర్రా" అని గట్టిగానే అనేది. జొన్నరొట్టె తనే కొట్టుకోవాలి, మా అమ్మ చేసింది రొట్టె కాదు అప్పడం. ఎండాకాలం కూడా గొంగడి కప్పుకునే పడుకునేది. ఇంకో అలవాటు ఉండేది ఆమెకు. ఎక్కడ నలుగురు కూడినా, పెళ్లయినా బస్సయినా, రెండు వేళ్లు ముందుకు చాపి జతలు జతలుగా మనుషుల్ని లెక్కపెట్టేది. గొర్లను లెక్కపెట్టే పద్ధతి అది. లెక్క కుదిరితే తప్ప ఆమె మనసు కుదురుగా ఉండేది కాదు.

మా ఇంట్లో ఎవరూ పేరెత్తని మనిషి ఒకాయన. నాయనమ్మ అన్న. ఆమె ఎప్పుడైనా "మా అన్న" అనేది తప్ప పేరు అనేది కాదు. ఊళ్ల మీద ఖాకీ బట్టలవాళ్లు పడ్డ గడబిడ కాలంలో, గుట్ట మీద దాక్కున్నవాళ్లకు పాలూ రొట్టే ఇచ్చాడని ఆయన్ను లారీ ఎక్కించి తీసుకుపోయారట. మళ్లీ రాలేదు. మాకు తెలిసింది అంతే. పెత్రమాసనాడు అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తూ చనిపోయిన పెద్దల పేర్లన్నీ చెబుతారు గదా, ఆ పేర్లలో ఆయన పేరు ఎన్నడూ రాలేదు. శవం దొరకలేదు, చూసినవాళ్లు లేరు. బతికే ఉన్నాడేమోనన్న మనిషికి బియ్యమిస్తే మనమే చంపినట్టని వాళ్లమ్మ ఒట్టు పెట్టి పోయిందట. తర్వాత పుట్టింట్లో ఇచ్చేవాళ్లే మిగల్లేదు. పెత్రమాస వచ్చిందంటే నాయనమ్మ పొద్దంతా గోడకు మొహం పెట్టి పడుకునేది. ఆ రోజు ఆమె జోలికి ఎవరం పోయేవాళ్లం కాదు.

నేను ఇంటర్ రెండో సంవత్సరం. హిస్టరీ సార్ క్లాసులో సెమినార్లు పెట్టించేవాడు. నాకు రెండో ప్రపంచయుద్ధ కాలంలో యూదులను చంపిన సంగతి వచ్చింది. "పుస్తకంల రెండు ముక్కలే ఉన్నయమ్మా. అరవై లక్షల మంది సచ్చిన్రు, రెండు ముక్కలల్ల పడుతరా? నెట్‌ల సూసి వచ్చి చెప్పు" అన్నాడు సార్. నెట్ అంటే అప్పట్లో బస్టాండు వెనక సందులో మేడ మీద ఉన్న నెట్ సెంటర్. ఆరు ప్లైవుడ్ గదులు, ఒక్కోదానికి ఒక పూలపూల పరదా. ఆ పరదాలే నా కొంప ముంచాయి. "ఆడపిల్ల గాడికి ఒక్కతే పోవుడేంది? నాయినమ్మను తోల్కపో, పక్కకు కూసుంటది" అని నాన్న తీర్పు చెప్పాడు. నా ఏడుపు ఎవరికి కావాలి? ఆదివారం పొద్దున తలకు నూనె రాసుకుని, గొంగడి భుజాన వేసుకుని, నాకన్నా ముందే తయారై కూచుంది నాయనమ్మ. స్నేహితురాళ్లు ఎవరైనా చూస్తారేమోనని దారంతా నేను పది అడుగులు ముందు నడిచాను. ఆ పది అడుగులు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సెంటర్ నడిపేది కోదాడ నుంచి వచ్చిన ఒకాయన. మాకు కోదాడ అన్న. ఆయన మాట కొంచెం అటు కృష్ణా జిల్లా వైపు ఒరిగేది. నాయనమ్మను చూసి ప్లాస్టిక్ స్టూలు ఒకటి తెచ్చి వేసి, "కూర్చోండి బామ్మగారూ, ఫ్యాన్ ఇటు తిప్పుతాను" అన్నాడు. "బామ్మెవలు బిడ్డా, నేను గొల్లోళ్ల ఎల్లమ్మను" అంది ఈవిడ. ఆ రోజు నుంచి వాళ్లిద్దరికీ మంచి దోస్తీ.

అప్పటి నెట్ సంగతి ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. బొమ్మ ఒక్కసారిగా వచ్చేది కాదు. పైనుంచి కిందికి గీత తర్వాత గీత దిగేది. మొదట తెరుచుకున్న ఫోటో ఒక పెళ్లి గుంపు. ముందు టోపీలు వచ్చాయి, తర్వాత నుదుళ్లు, తర్వాత కళ్లు. నాయనమ్మ తెరకు మొహం ఆనించి, "ఆగు, ఇంక మొకాలు రాలే" అంటూ నన్ను మౌస్ ముట్టనివ్వలేదు. అందరూ వచ్చేదాకా చూసి, రెండు వేళ్లు చాపి లెక్కపెట్టింది. "పద్నాలుగు మంది. గీళ్లల్ల ఎంతమంది మిగిలిన్రు?" అంది. కింద రాసింది కూడబలుక్కుని చదివాను. ఒక్కరు.

"ఏ ఒక్కరు?"

"గీ ముందు కూసున్న చిన్నపిల్ల."

"పిల్లనా?" అంది నాయనమ్మ.

ఆ రోజే ఒక ముసలమ్మ చెయ్యి ఫోటో చూశాం. ముంజేతి మీద పచ్చబొట్టులా అంకెలు. అవేమిటంటే చెప్పాను, యూదుల్ని బంధించిన శిబిరాల్లో పేర్లు తీసేసి అంకెలతోనే పిలిచేవారట అని. నాయనమ్మ తన ముంజేతి పచ్చబొట్టును బొటనవేలితో రుద్దుకుంది. "మేం గొర్లకు సుత పేర్లు వెడ్తం గదనే. గీళ్లు మనుషులకు నెంబర్లు వెట్టిన్రా? ఆళ్ల నోట్ల మన్నువడ!" అని పరదా అవతలికి వినపడేలా తిట్టింది. పక్క గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత చనిపోయినవాళ్ల చెప్పుల కుప్ప వచ్చింది. పెద్దవీ, చిన్నవీ, గుట్టంత. దాన్ని లెక్కపెట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. కొన్ని వీడియోలు కూడా ఉండేవి, బతికి బయటపడ్డవాళ్లు కూర్చుని చెప్పేవి. అవి ఎంతసేపటికీ తెరుచుకునేవి కావు. తెల్లవెంట్రుకల ముసలాయన నోరు సగం తెరిచి ఆగిపోయేవాడు. "పాపం, ఏదో చెప్పవోతున్నడు" అని ఎదురుచూసేది నాయనమ్మ. గంట అయిపోయేది గానీ ఆయన నోరు కదిలేది కాదు.

నా సెమినార్ పది నిమిషాల్లో అయిపోయింది. చెప్పొద్దూ, వెనక బెంచీలవాళ్లు అంత్యాక్షరి ఆడుకున్నారు. నాకు నెట్‌తో పని తీరింది. నాయనమ్మకు తీరలేదు. ఆదివారం రాగానే గొంగడి భుజాన వేసుకుని, "పోదమా?" అనేది. నాన్నకు అనుమానం రాకుండా ఇంకా సెమినార్ ఉందని ఆమే అబద్ధమాడేది. అలా వెళ్లిన మూడో వారమో నాలుగో వారమో పేర్లున్న చోటు తగిలింది. చనిపోయినవాళ్ల పేర్లు లక్షల్లో. ఒక్కో పేరు కింద తండ్రి, తల్లి, ఊరు, చేసే పని. ఏం రాసుందో ఒక్కోటీ చదివించుకుంది. దర్జీ. రొట్టెలు చేసేవాడు. బడికి పోయే పిల్ల.

"గివన్ని ఎవలు రాసిన్రు?"

"మిగిలినోళ్లు. చుట్టాలు. ఎవలికి ఎవలు యాదికుంటే ఆళ్లు రాయొచ్చంట."

"యాడ సచ్చిన్రో తెల్వకున్నా రాస్తరా?"

"తెల్వదని రాస్తరు."

"తెల్వకున్నా రాస్తరా..." అని తనలో తనే అనుకుంది. ఆ వారమంతా రొట్టె సరిగ్గా తినలేదు. మళ్లీ ఆదివారం మెట్ల మీద నా చెయ్యి పట్టుకుని ఆపింది. "మా అన్న పేరు రాయాలె బిడ్డా. నేను సచ్చేలోపు ఏడన్న ఒక కాడ రాసి ఉండాలె" అంది.

అది యూదుల పేర్లు రాసే చోటని నాకు తెలియదని ఇప్పుడు చెప్పుకోవచ్చు. అది అబద్ధం. పేజీ పైనే రాసి ఉంది. నా ఇంగ్లీషు అంతంతమాత్రమే అయినా ఆ మాట అర్థమైంది. కానీ పక్కన స్టూలు మీద కూర్చున్న మనిషి మొహం చూస్తే, ఇది మనది కాదు నాయినమ్మా అని చెప్పడానికి నోరు రాలేదు. అరవై లక్షల పేర్లలో ఒక పేరు ఎక్కువైతే వాళ్లకేం పోయింది అనుకున్నాను. పదిహేడేళ్ల బుర్ర.

మొదటి గడిలోనే చిక్కొచ్చింది. పేరు. నాయనమ్మ "మా అన్న" అని మాత్రమే చెప్పింది. "పేరు చెప్పకుంటే ఎట్ల రాయాలె?" అని విసుక్కున్నాను. ప్లైవుడ్ గోడ వైపు తిరిగి, ఎవరో వింటారన్నట్టు, "లింగయ్య" అంది. నేను ఆ పేరు వినడం అదే మొదటిసారి. తండ్రి బీరయ్య. తల్లి కొమ్రమ్మ. పెళ్లి కాలేదు. పని, గొర్లు కాయడం. దానికి ఇంగ్లీషు స్పెల్లింగు కోదాడ అన్న పరదా అవతలి నుంచి చెప్పాడు. యుద్ధకాలంలో ఎక్కడ ఉన్నాడు అని ఒక గడి. "గుట్ట మీదనే" అంది. ఎక్కడ చనిపోయాడు? తెల్వదు. ఆ తర్వాతిది మిగతావాటికన్నా పెద్ద గడి. ఎలా జరిగిందో రాయమని.

అప్పుడు చెప్పింది నాయనమ్మ. యాభై ఏళ్లకు పైగా ఎవరికీ చెప్పనిది, తాతకు కూడా చెప్పనిది, ఒక నెట్ సెంటర్ పరదా వెనక చెప్పింది.

"ఆనాడు ముసురు. గుట్ట మీద నలుగురు కాస్తున్నరు గొర్లు. అందరు నెత్తి మీదికెల్లి గొంగడి ముసుగేసుకున్నరు. ముసుగేసుకుంటే ఎవలు ఎవలో తల్లికి సుత తెల్వదు. మా అమ్మ సద్ది కట్టి నన్ను పంపింది. నాకు పదేండ్లు. ఖాకీలోళ్లు బండల ఎనక కూసున్నరు, నేను సూడలే బిడ్డా, నా కండ్ల తోడు నేను సూడలే. ఆళ్ల తాన పేరున్నది, మనిషి ఎవలో తెల్వదు. నేను రోజు ఒర్రినట్టే ఒర్రిన. ఓ లింగన్నా, సద్ది తెచ్చిన్నే అని. నాలుగు ముసుగులల్ల ఒక్క ముసుగే ఇటు తిరిగింది. నవ్విండే మా అన్న. నన్ను సూసి నవ్విండు."

పక్కగదిలో ఎవరో కీబోర్డు టకటకలాడిస్తున్నారు. నాయనమ్మ ఏడవలేదు. ఏడ్చింది నేను.

"గిదే రాయి" అంది. "చెల్లె పిలిస్తే తిరిగిండని రాయి. నేను పిలువకుంటే దొరకకపోవు. గది సుత అందరికి తెల్వాలె."

"అంత జాగ లేదు నాయినమ్మా."

"జాగ లేకుంటే సన్నగ రాయి."

నేను రాయలేదు. 'తీసుకుపోయారు. తిరిగి రాలేదు.' ఇంగ్లీషులో ఆ రెండు ముక్కలు కొట్టి ఊరుకున్నాను. ఆ మిగతాది ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియకపోవడం ఒకటి. పదేళ్ల పిల్ల మీద అంత నేరం నా వేళ్లతో ఎలా మోపనన్నది ఇంకొకటి. అప్పుడు అదే ప్రేమ అనుకున్నాను.

"రాసినవా?"

"రాసిన."

"నేను పిలిచిన్నని రాసినవా?"

"రాసిన్నే."

పంపాక కోదాడ అన్న ఒక కాపీ ప్రింటు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "పంపించేశామండీ, ఇది మీ దగ్గర ఉంచుకోండి" అన్నాడు. ఈవిడ ఒప్పుకుంటేనా? "ఏలు వెట్టకుంటే కాయిదం ఎట్ల చెల్లుతది? రేపు ఎవలన్న ఇది ఎల్లమ్మ చెప్పలేదంటే?" అని పట్టుబట్టింది. ఆయన నవ్వలేదు. రసీదుల మీద ముద్ర వేసే ఇంకుప్యాడు తెచ్చి, ఆమె బొటనవేలు పట్టుకుని, నెమ్మదిగా కాగితం మీద ఒత్తించాడు. ఇంకు ఆరేదాకా ఊదింది. నేను రాయని మాటల కింద ఆమె వేలిముద్ర వేసింది. మెట్లు దిగుతుంటే ఆ రోజు నేను పది అడుగులు ముందు నడవలేదు.

తర్వాత నాన్నకు మిర్యాలగూడ బదిలీ అయింది. అక్కడ మా వీధి చివర రైసుమిల్లు. పొద్దుగూకులూ ఉడికిన వడ్ల వాసన. నాయనమ్మకు ఆ వాసన పడేది కాదు, "ఊరంత ఒక్కటే కుండల ఉడుకుతున్నట్టున్నది" అనేది. స్టేషన్ రోడ్డులో నెట్ సెంటర్ ఉంది. అప్పటికి నన్ను ఒంటరిగా పోనిస్తున్నారు. నేను ఇంటికి రాగానే గడపలోనే అడిగేది, జవాబొచ్చిందా అని. ఒకరోజు వచ్చింది.

చాలా మర్యాదగా రాశారు. ఇన్నేళ్లలో అంత మర్యాదైన ఉత్తరం నాకు ఇంకొకటి రాలేదు. మీ కుటుంబానికి జరిగిన దానికి మా హృదయపూర్వక సానుభూతి. ఈ జాబితా ఆ కాలంలో చంపబడిన యూదుల కోసం మాత్రమే, అందువల్ల మీరు పంపిన పేరును చేర్చలేకపోతున్నాం. మీ పెద్దాయన పేరును గుర్తుంచుకునే చోటు మీ దేశంలో మీకు దొరుకుతుందని ఆశిస్తున్నాం. రెండుసార్లు చదివాను. వాళ్ల తప్పేముంది? ఒక్కో పేరూ ఏరి, సరిచూసి, దాచుకుంటున్న చోట మా పేరు మేమే దూర్చబోయాం. ఉడికిన వడ్ల వాసనలో నడుచుకుంటూ ఇంటికి వచ్చాను. గడపలో కూర్చుని ఉంది.

"జవాబొచ్చిందా?"

"వచ్చింది."

లేచి నిలబడింది. "ఏమన్నరు?"

"రాసుకున్నమన్నరు."

"అంత సదివిన్రా? నేను పిలిచింది సుత సదివిన్రా?"

"సదివిన్రు."

"సదివి ఏమన్నరు?"

ఆ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. ఆమె కళ్లు నా నోటి మీదే ఉన్నాయి. అప్పుడు అర్థమైంది నాకు, ఆమె ఎదురుచూస్తున్నది పేరు కోసం ఒక్కటే కాదు. "నీకప్పుడు పదేండ్లే కదా అన్నరు" అన్నాను. "పదేండ్ల పిల్ల తప్పేముంటది అన్నరు."

"గట్లన్నరా" అంది. గడపకు ఆనుకుని కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అన్ని ఏళ్లలో ఆమె ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి. ఆ మాట నా మాటగా చెబితే ఆమె నమ్మేది కాదు, చిన్నదానివి నీకేం తెలుసు అనేది. ఎవరో దూరదేశం వాళ్లు, అన్నీ పోగొట్టుకున్నవాళ్లు అన్నారంటే నమ్మింది. వాళ్లు అనలేదు. వాళ్లకు ఆ సంగతే తెలియదు.

ఆ ఏడు పెత్రమాసకు ఆమె గోడ వైపు తిరిగి పడుకోలేదు. తెల్లారకముందే తలస్నానం చేసి, చాటలో బియ్యం, పెసరపప్పు, బీరకాయలు, చింతపండు సర్దింది. మా పెద్దల పేర్లన్నీ అయ్యాక అయ్యగారు, "ఇంక ఎవలన్న ఉన్నరా?" అని మామూలుగా అడిగితే, తడబడకుండా, వాకిట్లోకి వినపడేలా, "మా అన్న, లింగయ్య" అంది. మా నాన్న ఉలిక్కిపడి చూశాడు. ఆయనకూ ఆ పేరు వినడం అదే మొదటిసారి. అప్పటి నుంచి ప్రతి ఏడూ చెప్పింది. నా అబద్ధం అంత పని చేసిందని సంతోషపడాలో ఏమో, నేను మాత్రం ప్రతి పెత్రమాసకూ ఆ పేరు వచ్చే వేళకు వంటింట్లోకి తప్పుకునేదాన్ని.

నెట్‌ల మా అన్న పేరు ఒక్కసారి సూపియ్యి అని అడుగుతూనే ఉండేది. కరెంటు లేదనో, నెట్ పనిచేస్తలేదనో దాటేసేదాన్ని. ఏళ్లు దాటేశాను. బీఎడ్ అయింది, హాలియా దాటి ఒక బళ్లో సోషల్ టీచర్‌నయ్యాను, నా చేతికి నెట్ ఉన్న ఫోను వచ్చింది. నాయనమ్మ దవాఖానలో మంచం పట్టింది. ఊపిరి కష్టంగా ఉంది. ఒక మధ్యాహ్నం, అమ్మ అన్నం తేవడానికి ఇంటికి పోయినప్పుడు, నా చేతిలో ఫోను చూసి, "ఇప్పుడు గా ఫోన్లనే వస్తదంట గదా. ఇగ సూపియ్యి" అంది.

ఇంక దాటేయడానికి ఏమీ మిగల్లేదు. ఆ పేర్ల చోటు తెరిచాను. లింగయ్య పేరులో మొదటి అక్షరం కొట్టాను. వచ్చిన వరసలో ఒకటి నొక్కాను. పేరు లైబ్ అట. పశువుల బేరగాడు. పెళ్లి కాలేదు. ఎక్కడ చనిపోయాడో తెలియదు. రాసింది చెల్లెలు.

"గిదే నాయినమ్మా" అన్నాను.

ఆమెకు ఏ అక్షరమూ రాదు. వేలితో ఆ గీత మీద తడిమింది. తెర పైకి జరిగితే నేను మళ్లీ కిందికి తెచ్చాను. "ఫోటో లేదా?" అంది. "మనం ఇయ్యలేదు గదా" అన్నాను. "అవు, ఫోటో ఏడిది, తీసిందెన్నడు?" అంది. ఆ వేలును కళ్లకద్దుకుంది. ఆ తర్వాత మూడు రోజులే ఉంది.

ఇప్పుడు నేను త్రిపురారం దగ్గరి బళ్లో ఉన్నాను. తొమ్మిదో తరగతికి ఆ పాఠం చెప్పే రోజు వస్తే పిల్లల్ని కంప్యూటర్ గదిలోకి తీసుకుపోతాను. ఎన్ని వచ్చాయో ఇప్పుడు! ఆ శిబిరాల లోపల నడుస్తున్నట్టే తిప్పి చూపిస్తారు, పటాలున్నాయి, డైరీల పేజీలున్నాయి. అప్పుడు నోరు సగం తెరిచి ఆగిపోయిన ముసలివాళ్లంతా ఇప్పుడు గలగలా మాట్లాడుతున్నారు, వాళ్లల్లో చాలామంది పోయాక. ఫోటో రెప్పపాటులో నిండుగా వచ్చి పడుతుంది. పిల్లలు అంతే రెప్పపాటులో దాన్ని దాటి పోతారు. వాళ్లను తిట్టను. టోపీ తర్వాత నుదురు, నుదురు తర్వాత కళ్లు వచ్చేదాకా ఆగక తప్పని కాలం వాళ్లకు దక్కలేదు. "ఆగున్రి, ఫోటోల ఎంతమంది ఉన్నరో లెక్కవెట్టున్రి" అంటాను. రెండు వేళ్లతో ఎలా లెక్కపెట్టాలో చూపిస్తాను. ఎందుకో వాళ్లకు చెప్పను. నాయనమ్మ పోయాక పెత్రమాసనాడు మా తమ్ముడు బియ్యమిస్తూ లింగయ్య పేరు చెబుతాడు. ఆ వెంటనే ఇంకో పేరు నేను లోపల్లోపల అనుకుంటాను. తప్పో ఒప్పో తెలియదు. ఒక చెల్లెలు రాసుకున్న పేరును ఇంకో చెల్లెలికి చూపించి మోసం చేసినదాన్ని, ఆ మాత్రం బాకీ నాకుంది.

కాగితం సంగతి అడిగిన తమ్ముడికి ఏదో చెప్పి పంపేశాను. సామాన్ల మధ్య నేల మీద కూర్చుని మడతలు విప్పాను. పేరు, తండ్రి, తల్లి, గొర్లు కాయడం, గుట్ట. ఆ తర్వాత పెద్ద గడి. అందులో పైన ఒక మూల నా రెండు ముక్కలు. మిగతాదంతా తెల్లగా ఉంది. ఆమె ఈ కాగితాన్ని ఎన్నిసార్లు తీసి చూసుకుందో, మడతలే చెబుతున్నాయి. తన నోటితో చెప్పుకున్న మాట ఈ గడిలో ఉందనుకుని చూసుకుంది. చదవడం వస్తే ఆ రోజే నా చెంప పగిలేది, అదే బాగుండేది. పదేండ్లే కదా అని వాళ్లు అనలేదని, అన్నది నేనేనని, వాళ్లకు నేను అసలు చెప్పనే లేదని ఒక్కరోజైనా చెప్పలేకపోయాను. చెప్పాల్సిన మనిషి పోయింది.

బ్యాగులో పెన్ను వెతికాను. ఆ కాగితం ఇంక ఎక్కడికీ పోయేది కాదని తెలుసు. అయినా ఆమె సన్నగ రాయమన్నది గదా అని సన్నగానే మొదలుపెట్టాను. ముసురు పట్టి ఉంది. నలుగురూ గొంగడి ముసుగులు వేసుకున్నారు. చెల్లెలు సద్ది తెచ్చి ఓ లింగన్నా అని పిలిచింది. పిలిస్తే తిరిగాడు. చెల్లెలిని చూసి నవ్వాడు. చెల్లెలి పేరు ఎల్లమ్మ, పదేండ్లు. కింద వేలిముద్ర ఎప్పుడో వేసే ఉంది. రాయడం అయ్యాక చూశాను. జాగా సరిపోయింది. ఇంకా మిగిలింది కూడా.